బేరింగు లేని మోటరు

నన్ను చూడటానికి వచ్చేవాళ్లు ముందు నా ముఖం చూడరు. మణికట్టు పట్టుకుంటారు. మూడు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకుని, పెద్ద వైద్యుల్లాగా తల పంకించి, "నిజమే, కొట్టుకుంటలేదు" అంటారు. ఆ తర్వాత నా వైపు చూసి కాస్త వెనక్కి జరుగుతారు. పోయిన నెల ఒకాయన తన వియ్యంకుణ్ణి కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ ఛాయ్ తాగి, చెరో చెయ్యి పట్టుకుని చూసి వెళ్లిపోయారు. ఎట్లున్నవని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

నా పేరు గంగారాం. బోధన్‌లో ఇరవై ఆరేళ్లు మోటరు వైండింగ్ దుకాణం నడిపాను. కాలిపోయిన మోటర్లలో మాడిన రాగి తీగ పీకేసి కొత్త తీగ చుట్టడం నా పని. ఇప్పుడు నా గుండెకే ఒక మోటరు ఉంది. దాని సంగతి వచ్చిన ప్రతివాళ్లకూ మొదటి నుంచి చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే ఒకసారి రాసి పెడుతున్నాను. రేపు ఇట్లాంటి మోటరు ఇంకెవరి ఇంటికైనా వస్తే, నేను చేసిన తప్పు వాళ్లు చేయకూడదని కూడా.

చెరుకు నరుకుతున్న రోజులు

మొదట ఆయాసం వచ్చింది. దుకాణం ముందు మూడు మెట్లుంటాయి. అవి ఎక్కి ఒక నిమిషం గోడ పట్టుకుని నిలబడేవాణ్ణి. తర్వాత కాళ్లు వాచాయి. సాయంత్రానికి చెప్పుల పట్టీలు కాళ్లలో దిగబడిపోయేవి. మా గల్లీ డాక్టరు గ్యాస్ అన్నాడు. మా బంధువులూ గ్యాస్ అన్నారు. మా జిల్లాలో మనిషి గుండె పట్టుకుని కూలబడినా అది గ్యాసే. రెండు నెలలు గ్యాస్ గోళీలు మింగాను. వాటికి బదులు బఠాణీలు తిన్నా అంతే పని చేసేవి.

పడుకుంటే ఊపిరి ఆడక కూర్చునే నిద్రపోవడం మొదలైనప్పుడు మా అన్న సాయన్న వచ్చాడు. అన్న ఎడపల్లిలో వ్యవసాయం చేస్తాడు. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. బాపు పోయిన తర్వాత నన్ను సాకింది ఆయనే. ఆయన చదువుకోలేదు, నన్ను మాత్రం ఐటీఐ చదివించాడు. ఆ రోజు చెరుకు లోడు లారీకెక్కించి అట్లనే వచ్చినట్టున్నాడు, చొక్కా నిండా చెరుకు ఆకు దుమ్ము. ఇక్కడి ఫ్యాక్టరీ మూతబడ్డ తర్వాత చెరుకు ఎక్కడికో దూరం పోతుంది, లారీ దొరికిన రోజు పండగే. ఆ లారీ వెంట పోకుండా నా దగ్గరికి వచ్చాడు.

"గ్యాసు గాదు ఏం గాదు. లే, నిజామాబాద్ పోదాం" అన్నాడు.

నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖాన. టోకెన్ నంబరు పిలిచేదాకా నాలుగు గంటలు ఇనుప కుర్చీలో కూర్చున్నాను. నా పక్కన పసుపు మార్కెట్‌లో హమాలీ పని చేసే ఒక పెద్దమనిషి. నా ఎగశ్వాస చూసి తన టోకెన్ నా చేతిలో పెట్టి, నా టోకెన్ ఆయన తీసుకున్నాడు. "నాది ఊకె బీపీ జూపిచ్చుకునుడే" అన్నాడు. ఆయన పేరు కూడా అడగలేదు నేను. ఆ మొత్తం ఏడాదిలో నాకు గుర్తున్న మంచి మనుషుల్లో ఆయన ఒకడు. అట్లాంటివాళ్లు ఎక్కువమంది లేరు.

లోపల డాక్టరు స్కానింగ్ చూసి నాతో మాట్లాడలేదు. అన్నతో మాట్లాడాడు. గుండె ఉబ్బిపోయిందట, రక్తాన్ని తోసే శక్తి చాలావరకు పోయిందట. "పేషెంటుకు ఇప్పుడే చెప్పొద్దు" అన్నాడు. నేను మూడడుగుల దూరంలో చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. నాకు చెవులు బాగానే పని చేస్తాయి, పాడైంది గుండె ఒక్కటే అని చెప్పాలనిపించింది. అంత మాట్లాడటానికి ఊపిరి చాల్లేదు.

ఎండలు మొదలైన నెల

హైదరాబాద్ దవాఖానలో అయిదు వారాలు ఉన్నాను. గుండె మార్చాలన్నారు. మార్చాలంటే ఇంకొకరి గుండె దొరకాలి, అంటే ఎవరింట్లోనో ఎవరో పోవాలి. ఫోన్ మోగినప్పుడల్లా మా ఆవిడ సుజాత ఉలిక్కిపడేది. ఆశతో ఉలిక్కిపడినందుకు మళ్లీ తనే సిగ్గుపడేది. అట్లా ఎదురుచూడటం ఎంత నీచంగా ఉంటుందో ఎవరూ చెప్పరు. నేను చెప్తున్నాను.

దొరకలేదు. ఇక ఆగే టైము లేదని, గుండెకు సాయంగా పంపు పెడతామన్నారు. దానికి ఎంతవుతుందో చెప్పిన రోజు నేను మంచం మీద నుంచే వద్దన్నాను. సుజాత ఏడుస్తూ వరండాలోకి వెళ్లిపోయింది. డిగ్రీ చదివే మా బిడ్డ స్వాతి గోడ వైపు తిరిగి నిలబడింది. అన్న మాత్రం తువ్వాలతో మొహం తుడుచుకుని, "కాలువ కింది భూమి బేరం వెట్టిన" అన్నాడు. అది మా ఇద్దరిదీ. నా వాటాతో పాటు ఆయన వాటా కూడా బేరానికి పెట్టాడు.

"నీ పిల్లలకేం పెడుతవ్ అన్నా?"

"భూమి మల్ల కొనుక్కుంటం. నిన్నేడ కొనుక్కత్తం రా?"

ఇప్పుడు ఆయన వేరేవాళ్ల భూమి కౌలుకు చేస్తున్నాడు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

పంపు

ఆపరేషన్ గురించి నాకేమీ తెలియదు, నేను లేను కదా అక్కడ. మెలకువ వచ్చాక గొంతులో గొట్టం, ఛాతీ మీద బండరాయి పెట్టినంత బరువు. మాట వచ్చాక మొదట అడిగింది మంచినీళ్లు. రెండోసారి అడిగింది, "అది ఎన్ని ఆర్‌పీఎం మీద తిరుగుతోంది?" అని. డాక్టరు నవ్వాడు. నా పని ఏమిటో తెలుసుకుని, కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. ఆయన ఒక్కడే నన్ను మనిషిగా కాకపోయినా మెకానిక్‌గా గౌరవించాడు.

గుండెలో ఎడమ వైపు కింది గది ఒంటికంతా రక్తాన్ని తోస్తుంది. నాకు పాడైంది అదే. ఆ గది అడుగు కొసకు ఈ పంపును కుట్టారు. లోపలున్న చక్రం తిరుగుతూ ఆ గదిలోంచి రక్తాన్ని గుంజుకుని, ఒక గొట్టం గుండా పైనున్న పెద్ద రక్తనాళంలోకి తోస్తుంది. బావిలోంచి తోడి కాలువలో పోసినట్టే. గుండె అయితే ఆగి ఆగి తోస్తుంది, అందుకే నాడి కొట్టుకుంటుంది. పంపు ఆగకుండా తోస్తుంది, అందుకని నా మణికట్టులో చేతికి దొరికే నాడి లేదు. మామూలు బీపీ మిషను కూడా నా దగ్గర తెల్లమొహం వేస్తుంది.

"బేరింగ్ ఏ కంపెనీది సార్?" అని అడిగాను. ఇరవై ఆరేళ్లుగా నేను చూసిన ప్రతి మోటరు రోగమూ ఇరుసును మోసే బేరింగు దగ్గరే మొదలయ్యేది. అరిగి, వేడెక్కి, చివరికి వైండింగ్ కాలిపోతుంది.

"బేరింగ్ లేదు గంగారాం" అన్నాడు. అయస్కాంతాల బలంతో ఆ చక్రం దేనికీ తగలకుండా రక్తంలో తేలుతూ తిరుగుతుందట. రాపిడి లేదు, అరుగుడు లేదు. అందుకే రాత్రీ పగలూ ఏళ్ల తరబడి ఆపకుండా నడపొచ్చు. ఆపనే కూడదు. ఆ రాత్రి నొప్పిలో కూడా దాని గురించే ఆలోచించాను. నా బతుకులో చూసిన మోటర్లలోకెల్లా అందమైనది నా కంటికి కనపడని చోట ఉంది.

పంపుకు కరెంటు ఇచ్చే తీగ పొట్ట కుడి పక్క చర్మం లోంచి బయటికి వస్తుంది. అది నడుముకు కట్టుకునే చిన్న పెట్టెకు కలుస్తుంది. ఆ పెట్టే పంపుకు మెదడు. దాన్నుంచి రెండు తీగలు రెండు బ్యాటరీలకు పోతాయి. చంకల కింద చెరొకటి, సంచుల్లో. పడుకునేటప్పుడు బ్యాటరీలు తీసి గోడ కరెంటు డబ్బాకు కలుపుకుంటాను. బ్యాటరీ మార్చేటప్పుడు ఒకదాని తర్వాత ఒకటే తీయాలి. రెండూ ఒకేసారి తీస్తే పెట్టెలో దాచిన కరెంటు పావుగంట పాటే నడుపుతుంది. ఆ తర్వాత నేనుండను.

ఇదంతా ఇంట్లోవాళ్లకు నేర్పడానికి ఒక పూట కేటాయించారు. కేరళ సిస్టరు ఒకామె, బడిలో టీచరు కన్నా కఠినం. సుజాతతోనూ స్వాతితోనూ ఇరవైసార్లు బ్యాటరీలు తీయించి పెట్టించింది. అయిపోయాక నన్ను అడిగింది: "ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా? అందరికీ తెలియాలి."

"ఎవరూ లేరు సిస్టర్" అన్నాను.

అన్న బయట వరండాలో టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయనకిదంతా ఎక్కడ అర్థమవుతుందిలే అనుకున్నాను.

ఇంటికి వచ్చిన వేసవి

బతికి ఇంటికొచ్చిన మనిషి సంతోషంగా ఉండాలని అందరూ అనుకుంటారు. నేను లేను. దుకాణం మా ఇంటి ముందు గదిలోనే ఉంది. అందులోకి పోవద్దన్నారు. పెద్ద మోటర్ల అయస్కాంతాలూ, టెస్టింగ్ బల్ల మీది కరెంటూ నా పెట్టెకు పడవు. నాతో పదిహేనేళ్లుగా పని చేస్తున్న ఖాజా భాయ్‌కి దుకాణం అప్పగించాను. గడప ఇవతల కుర్చీ వేసుకుని వార్నిష్ వాసన పీల్చేవాణ్ణి. కాలువలో మునక లేదు, నెత్తి మీంచి చెంబెడు నీళ్లు పోసుకోవడం లేదు. తడిబట్టతో తుడుచుకోవడమే. పొట్ట దగ్గర తీగ బయటికొచ్చే చోట రోజూ చేతులు కడుక్కుని, మాస్కు కట్టుకుని, సుజాత కట్టు మార్చేది. అది మార్చేటప్పుడు ఇద్దరం మాట్లాడుకునేవాళ్లం కాదు. చెప్పుకోవడానికి ఏముంది? ఒకప్పుడు నా మీద అలిగితే పుట్టింటికి పోయేది. ఇప్పుడు అలగడానికి కూడా వీల్లేకుండా చేశాను ఆమెను.

ఇన్వర్టర్ పెట్టించాం. కరెంటు ఆఫీసులో దవాఖాన ఉత్తరం ఇచ్చాం. ఆ ఉత్తరం ఏ ఫైల్లో నిద్రపోతుందో నాకు తెలియదు. కానీ మా లైన్‌మన్ రఫీక్ మాత్రం లైను ఆపేముందు ఫోన్ చేస్తాడు. "అన్నా, పది నిమిషాల్ల బంద్ జేస్తున్న. బ్యాటరీలు వెట్టుకున్నవా?" పెట్టుకున్నానని నేను చెప్పేదాకా ఆయన స్తంభం ఎక్కడు. ఎవరూ చెప్పకుండా తనే మొదలుపెట్టిన అలవాటు అది.

అన్న వారానికి రెండుసార్లు వచ్చేవాడు. ఏదో ఒకటి తెచ్చేవాడు, తోటకూర కట్టో, బెల్లం ముద్దో. కుర్చీలో కూర్చుని నా నడుం పెట్టె మీది పచ్చ లైటు చూస్తూ ఉండేవాడు. ఒకసారి అడిగాడు కూడా, "ఇది బందే గాదా రా?" అని.

"కాదన్నా" అన్నాను. అంతే. ఎందుకు కాదో చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం

తొలకరికి ముందు, ఉక్కపోత భరించలేని రోజు. భోజనం చేసి గోడ కరెంటుకు కలుపుకుని పడుకున్నాను. సుజాత మిద్దె మీద బట్టలు తీస్తోంది. స్వాతి కాలేజీలో ఉంది. అన్న వచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు.

మా దగ్గర రైతులకు ఒక అలవాటుంది. మోటరు నడుస్తుంటే మధ్యమధ్య అరచేతి వెనక భాగం దాని ఒంటికి ఆనించి చూస్తారు. కాలుతుంటే ఆపేస్తారు. చల్లారనిచ్చి మళ్లీ వేస్తారు. ఈ అలవాటు మా అన్నకు నేర్పింది నేనే. ఏటా ఆయన మోటరు కాలిపోయి నా దుకాణానికి వచ్చేది. "ఇరవై నాలుగ్గంటలు నడిపిస్తే ఏ మోటరైనా కాలుతది. జర సల్లారనియ్యే అన్నా" అని వచ్చిన ప్రతిసారీ తిట్టేవాణ్ణి. వినీ వినీ నేర్చుకున్నాడు.

ఆ రోజు నా గోడ డబ్బా మీద చెయ్యి వెనక్కి తిప్పి ఆనించాడు. అది వేడిగా ఉంది. ఆ ఉక్కలో ఇంట్లో ఏ వస్తువైనా వేడిగానే ఉంది. నేను నిద్రలో ఉన్నాను, నా నిద్ర చెడగొట్టడం ఎందుకని కాసేపు చల్లారనిద్దామని ప్లగ్గు పీకేశాడు.

పెట్టె కేక పెట్టింది. ఆ చప్పుడు వినని అదృష్టవంతులకు దాన్ని ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. ఎర్ర లైటు, చెవులు చిల్లులు పడే కూత. నేను కళ్లు తెరిచేసరికి అన్న నన్ను రెండు చేతుల మీద ఎత్తుకుని గుమ్మం వైపు పరుగు తీస్తున్నాడు, దవాఖానకు. చిన్నప్పుడు జ్వరమొస్తే ఎత్తుకుపోయినట్టే. నా ఒళ్లు మంచం మీంచి లేచింది, పడుకునేముందు నడుం నుంచి విప్పిన పెట్టె మంచం మీదే ఉండిపోయింది. పొట్టలోంచి వచ్చిన తీగ బిగుసుకుని గుంజింది. నేను అరిచిన అరుపుకు సుజాత మెట్ల మీద పడుతూ లేస్తూ వచ్చింది. ఆయన చేతుల్లోంచి నన్ను మంచం మీదికి తోసి, రెండు బ్యాటరీలు తగిలించింది. కూత ఆగింది. పంపు ఒక్క క్షణం కూడా ఆగలేదట, తర్వాత దవాఖానలో చూసి చెప్పారు. నా కట్టు మాత్రం ఎర్రగా తడిసింది.

"మస్తు కాలుతుండె రా..." అంటున్నాడు అన్న. "నువ్వే సెప్తివి గద, సల్లారనియ్యాలె అని..."

నాకు ఒళ్లు తెలియలేదు. భయం కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టదు. "భూమి అమ్మి నన్ను కొన్న అనుకుంటున్నవా? ఎప్పుడు నడపాలె, ఎప్పుడు బంద్ వెట్టాలె నీ ఇష్టమా? సంపనీకే వచ్చినవా?" అన్నాను. ఆ మాటలు అన్నది నేనే. అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

అన్న చెప్పులు వేసుకోవడం కూడా మరిచి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

వానలు

తీగ గుంజిన చోట చీము పట్టింది. ఆ వానాకాలమంతా హైదరాబాద్‌కు తిరిగాం, రెండుసార్లు చేర్చుకున్నారు కూడా. ఒకసారి నెలకు పైగా ఉన్నాను. జ్వరంతో పడుకుని, రోజూ సూదులు పొడిపించుకుంటూ, మనసులో అన్నను తిట్టేవాణ్ణి. వచ్చిపోయే చుట్టాలు ఇంకొంచెం నెయ్యి పోసేవారు. "గాయనకేం తెలివి ఉన్నది, మోటుమనిషి" అని ఒకరు, "భూమి పోయిందన్న కోపంతోనే పీకిండేమో, ఎవరికి తెలుసు" అని ఇంకొకరు. ఆ రెండో మాట అన్నవాణ్ణి నేను ఆపలేదు. ఆపలేదంటే ఒప్పుకున్నట్టే.

ఇంటికి పంపే రోజు అదే కేరళ సిస్టరు కట్టు చూడటానికి వచ్చింది. ప్లగ్గు ఎవరు తీశారని అడిగింది. మా అన్న అని చెప్పాను.

"ఏ అన్న? వరండాలో క్యారియర్ పట్టుకుని కూర్చునే ఆయనా?" సిస్టరు చెయ్యి ఆగిపోయింది. "ఆయన నన్ను రోజూ అడిగేవారు, 'మా తమ్మునికి వెట్టింది ఎట్ల నడుస్తదమ్మా' అని. ఇంట్లోవాళ్లతో కలిపి నేర్పిస్తానన్నాను. మరి మీరు ఎవరూ లేరన్నారు కదా?"

సుజాత నా వైపు చూసింది. అట్లా చూడటం ఆమెకు ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

యాసంగి నాట్లకు ముందు

ఇంటికొచ్చాను. పుండు ఎండింది, పూర్తిగా మానదట. అన్నకు ఫోన్ చేద్దామని రోజూ అనుకునేవాణ్ణి. రోజూ ఏదో ఒక సాకు దొరికేది. మాట జారడం ఒక్క నిమిషం పని. దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఇంటికొచ్చాక కూడా మూడు నెలలు నాకు నోరు పెగల్లేదు.

ఒక పొద్దున ఖాజా భాయ్ గడప దగ్గరికి వచ్చి, "భాయ్, మీ అన్న వచ్చిండు. మోటరు దెచ్చిండు. లోపలికి రా అంటే వస్తలేడు, మెట్ల మీద కూసున్నడు" అన్నాడు.

గడప దగ్గరికి వెళ్లి చూశాను. బల్ల మీద అన్న మోటరు. దూరం నుంచే తెలుస్తుంది నాకు, మాడిన వాసన. అన్న వీపు కనిపిస్తోంది. సగానికి సగమయ్యాడు. కాళ్లకు కొత్త రబ్బరు చెప్పులు. పాతవి మా ఇంట్లోనే తలుపు చాటున ఉన్నాయి.

"ఎట్ల కాలిందన్నా?"

తిరగలేదు. నేల వైపు చూస్తూ చెప్పాడు. "నారుమడికి వెట్టిన. బాయిల నీళ్లు అడుగంటినయ్. సెయ్యి వెట్టి సూస్తే కాలుతున్నది. బందు జేద్దామని స్టార్టర్ కాడికి పోయిన. సెయ్యి ఆడలే రా. ఆ కూత ఇనవడ్డట్టయింది. గట్లనే నిలవడ్డ. నా కండ్ల ముందట్నే పొగలచ్చి కాలింది."

తన మోటరు కాలిపోతుంటే ఆపడానికి భయపడి నిలబడ్డాడు మా అన్న. నారు ఏమైందని అడగబోయి ఆగిపోయాను. కౌలు భూమి, ఎండిన నారు. అడిగి ఏం చేస్తాను?

"లోపలికి రా అన్నా. బ్యాటరీ మార్చాలె" అన్నాను.

"నేనొద్దు. సుజాతను పిలువు."

"నువ్వే మార్చాలె."

వచ్చాడు. చేతులు సబ్బుతో కడిగించాను. కుర్చీలో ఎదురుగా కూర్చోబెట్టి, ముందు కుడి వైపు తీయమన్నాను. తీయగానే పెట్టె చిన్నగా కూసింది. అన్న చేతులు వెనక్కి లాక్కున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని కొత్త బ్యాటరీ దగ్గరికి తెచ్చాను. తగిలించాడు. కూత ఆగింది. తర్వాత ఎడమది. అది తనే చేశాడు.

అయిపోయాక అలవాటు కొద్దీ అరచేతి వెనక భాగం నా నడుం పెట్టెకు ఆనించి చూశాడు.

"ఎచ్చగున్నది గని కాలుతలేదు" అన్నాడు.

అప్పుడు చెప్పాను. లోపల చక్రం దేనికీ తగలకుండా తేలుతుందని, అరగదని, ఎన్నేళ్లు తిరిగినా దానికి విశ్రాంతి అక్కర్లేదని. "దీనికి బేరింగు లేదన్నా. గందుకే దీన్ని సల్లార్చే పని లేదు."

అన్న ఆ పచ్చ లైటు వైపు చూశాడు. ఆయన నలభై ఏళ్లుగా మోటర్లతో పడుతున్నాడు. బేరింగు అంటే ఏమిటో, అది లేకపోవడమంటే ఏమిటో ఆయనకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఒక్క మాటకే అర్థమైంది.

"గింతేనా?" అన్నాడు. "గీ ముచ్చట గప్పుడే సెప్తె అయిపోతుండె గద తమ్మీ."